కాల్చిన బూడిదను మళ్లీ కాలిస్తే: సీసం దిగొచ్చినా క్రోమియం ఎందుకు పైకెక్కుతుంది?

చెత్తను కాల్చే కేంద్రాల నుంచి వచ్చే బూడిదలో సీసం, కాడ్మియం, జింకు, క్రోమియం లాంటి భార లోహాలుంటాయి. ఆ బూడిదను మళ్లీ బాగా వేడి చేస్తే అవి కదలకుండా బిగుసుకుపోతాయన్న మాట తరచూ వినిపిస్తుంది. చేసి చూస్తే లెక్క అంత సూటిగా రాదు. పొగతో లేచి ఫిల్టర్లలో చిక్కే సన్నటి బూడిదను, అంటే ఫ్లై యాష్‌ను, 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో గంటసేపు ఉంచి, చల్లార్చి, నీళ్లలో ఊపి వడగడితే ఆ నీటిలో సీసం సాధారణంగా తగ్గుతుంది, కొన్ని నమూనాల్లో మాత్రం మొండికేస్తుంది. క్రోమియం వేడి చేయకముందుకన్నా ఎక్కువే వస్తుంది. వడగట్టిన నీరు లేత పసుపుగా కనిపించిందంటే హెక్సావలెంట్ క్రోమియం, అంటే నీళ్లలో సులువుగా కరిగే విష రూపం, తయారైందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

వేడి లోహాన్ని నాశనం చేయలేదు. అది చేసేదల్లా పంపకం. కొంత లోహాన్ని ఆవిరిగా మార్చి పొగ వైపు పంపుతుంది. కొంతను ఖనిజాల్లోనో గాజులోనో బంధిస్తుంది. మిగిలినదాన్ని ఒక్కోసారి మునుపటికన్నా తేలిగ్గా కరిగే ఉప్పుగా మార్చి అక్కడే వదిలేస్తుంది. ఏ లోహం ఏ వాటాలోకి పోతుందో తేల్చేవి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న ఆక్సిజన్, బూడిదలోని క్లోరిన్, సున్నానికీ ఇసుకకూ మధ్య నిష్పత్తి. ఇవేవీ చెప్పకుండా ‘వేడి చేశాం, లీచింగ్ తగ్గింది’, అంటే నీళ్లలోకి దిగే లోహం తగ్గింది, అని రాస్తే ఆ వాక్యానికి పెద్దగా విలువ లేదు.

ఒకే కొలిమి, రెండు బూడిదలు

ఇనుప కమ్మీల గ్రేట్ మీద చెత్తను కాల్చే కొలిమిలో టన్ను చెత్తకు సుమారు 200 నుంచి 250 కిలోల బాటమ్ యాష్ అడుగున పడుతుంది. పొగతోపాటు లేచి బాయిలర్‌లో, ఫిల్టర్ సంచుల్లో చిక్కే ఫ్లై యాష్ 20 నుంచి 30 కిలోలే. తక్కువే కదా అని తీసిపారేయడానికి లేదు. తేలిగ్గా ఆవిరయ్యే లోహాలు పోగుపడేది అక్కడే. కాడ్మియం, సీసం, జింకు ఎక్కువగా క్లోరైడ్ల రూపంలో ఆవిరై, పొగ చల్లబడేకొద్దీ సన్నటి రేణువుల పైన పేరుకుంటాయి. అలా పైపొరలో ఉండబట్టే నీళ్లకు అంత సులువుగా దొరుకుతాయి. ఫ్లై యాష్‌లో సీసం కిలోకు వేల మిల్లీగ్రాములు, జింకు పదివేల మిల్లీగ్రాములకు పైన ఉండడం మామూలే. ఆమ్ల వాయువులను పట్టడానికి పొగలో చల్లిన సున్నం కూడా ఇందులోనే కలుస్తుంది. అందుకే సోడియం, పొటాషియం, కాల్షియం క్లోరైడ్లు, ఖర్చుకాని సున్నం ఇందులో పెద్ద వాటా ఆక్రమిస్తాయి.

బాటమ్ యాష్‌లో సరుకు వేరు. రాగి, క్రోమియం, నికెల్ లాంటి ఆవిరికాని లోహాలు, కాలకుండా మిగిలిన కాస్త కార్బన్, గాజు పెంకులు, ఇనుము, అల్యూమినియం ముక్కలు అందులో ఉంటాయి. ఈ రెండు బూడిదలకూ ఒకే చికిత్స పనిచేస్తుందనుకోవడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది.

నీళ్లలోకి దిగేది ఎంత?

బూడిదలో మొత్తం ఎంత సీసం ఉందన్న అంకెను బట్టి నీళ్లలోకి ఎంత దిగుతుందో చెప్పలేం. అక్కడ పెత్తనం పీహెచ్‌ది. తాజా బూడిద నీళ్లలో పడగానే పీహెచ్ 12 దాటుతుంది. సీసం, జింకు ఆమ్లంలోనూ కరుగుతాయి, గాఢ క్షారంలోనూ కరుగుతాయి. అవి అతి తక్కువగా కరిగేది పీహెచ్ 9, 10 చుట్టుపక్కల. పీహెచ్ 10 నుంచి 12.5కు జరిగితే చాలు, అదే బూడిద నుంచి వచ్చే సీసం వంద రెట్లకు పైగా పెరగొచ్చు. బాటమ్ యాష్‌ను ఒకటి నుంచి మూడు నెలలు ఆరుబయట కుప్పపోసి తేమ తగలనిస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నాన్ని కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది, పీహెచ్ 8, 9 దగ్గరికి దిగుతుంది, సీసం కుదుటపడుతుంది. ఇందులో వేడి పాత్రేమీ లేదన్నది గుర్తుపెట్టుకోవాలి. ఈ విషయం మళ్లీ అవసరపడుతుంది.

రాగిని నీళ్లలోకి లాగేది వేరే. బూడిదలో మిగిలిన సేంద్రియ పదార్థం నుంచి వచ్చే ఫుల్విక్ ఆమ్లాల్లాంటివి రాగిని పట్టుకుని తమతో పాటు కరిగిస్తాయి. ఇక ఆంటిమొనీ, మాలిబ్డినం, హెక్సావలెంట్ క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి రుణావేశపు అయాన్లుగా తిరిగేవి. పీహెచ్ తగ్గితే సీసానికి మేలు జరుగుతుంది కానీ వీటికి జరగదు. ఆంటిమొనీని పట్టి ఉంచే కాల్షియం ఆంటిమొనేట్ పీహెచ్ 12 నుంచి 9కి దిగుతున్నప్పుడు విడిపోతుంది, ఆంటిమొనీ నీళ్లలోకి వస్తుంది. అన్ని లోహాలకూ ఒకేసారి అనుకూలించే పీహెచ్ అంటూ లేదు.

వేడి పెరిగేకొద్దీ

350 నుంచి 450 డిగ్రీల మధ్య చేసే చికిత్స అసలు లోహాల కోసం పుట్టింది కాదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న వాతావరణంలో డయాక్సిన్లనే విష సేంద్రియ పదార్థాలను విడగొట్టడానికి హాగెన్‌మేయర్ పద్ధతి పేరుతో వచ్చింది. అక్కడ పాదరసం వెళ్లిపోతుంది, ఎందుకంటే దాని మరుగు స్థానమే 357 డిగ్రీలు. సీసం, జింకు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. గాలి దూరనిస్తే, చల్లార్చడం ఆలస్యమైతే డయాక్సిన్లు తిరిగి కూడుకునే పరిధి కూడా ఇదే, కాబట్టి బయటికి తీసేముందు బూడిదను 60 డిగ్రీల లోపుకు త్వరగా దించుతారు. బాటమ్ యాష్‌ను 400, 500 డిగ్రీల దగ్గర గాలిలో వేడి చేస్తే సేంద్రియ పదార్థం కాలిపోయి రాగి లీచింగ్ బాగా పడిపోతుంది. తక్కువ ఖర్చుతో దక్కే లాభాల్లో ఇదొకటి.

660 డిగ్రీల ప్రాంతంలో ఫ్లై యాష్ ప్రవర్తన మారుతుంది. సోడియం క్లోరైడ్ విడిగా 801 డిగ్రీల దగ్గర, పొటాషియం క్లోరైడ్ 770 దగ్గర కరుగుతాయి కానీ రెండూ కలిస్తే ఇక్కడే కరగడం మొదలెడతాయి. కాల్షియం క్లోరైడ్ తోడైతే ఇంకా ముందే. బూడిద అంటుకుని పెచ్చు కడుతుంది, కరిగిన ఉప్పు మూస (బూడిదను వేడి చేసే పాత్ర) అంచులు ఎక్కి పాకుతుంది. తిరిగే కొలిముల్లో ఉండలు కట్టి గోడకు పట్టే సమస్యకు మూలం ఈ ఉప్పే.

700 నుంచి 850 డిగ్రీల మధ్య కాల్షియం కార్బొనేట్ విడిపోయి మళ్లీ సున్నం అవుతుంది. నెలల తరబడి ఆరుబయట ఉంచి పీహెచ్ 8.5కు తెచ్చుకున్న బాటమ్ యాష్‌ను 850 దగ్గర వేడి చేశారనుకోండి. చల్లారాక నీళ్లలో వేస్తే పీహెచ్ మళ్లీ 12 దాటుతుంది. అప్పటిదాకా నిమ్మళంగా ఉన్న సీసం తిరిగి కరుగుతుంది. చికిత్స చేశాక సీసం మొండికేసిందంటే ముందు చూడాల్సింది ఊట నీటి, అంటే బూడిదను ఊపి వడగట్టిన నీటి, పీహెచ్.

900 నుంచి 1,100 డిగ్రీల మధ్య రెండు పనులు పక్కపక్కనే సాగుతాయి. జింకు క్లోరైడ్ 732 డిగ్రీలకే, సీసం క్లోరైడ్ 950 దగ్గర మరుగుతాయి కాబట్టి క్లోరిన్ అందుబాటులో ఉన్నంత మేర సీసం, కాడ్మియం, జింకు ఎగిరిపోతాయి. అదే సమయంలో సున్నం ఇసుకతో, అల్యూమినాతో కలిసి గెలెనైట్, వొలాస్టొనైట్ లాంటి ఖనిజాలుగా మారుతుంది. విడి సున్నం తగ్గితే పీహెచ్ తగ్గుతుంది. ఇసుక చాలకపోతే ఈ రెండో పని సగంలో ఆగిపోతుంది.

క్రోమియం చిక్కు

బూడిదలో క్రోమియం ఎక్కువగా ట్రైవలెంట్ రూపంలో ఉంటుంది. అది నీళ్లలో పెద్దగా కరగదు, విషప్రభావం కూడా తక్కువే. దానికి సున్నం, గాలి, 600 నుంచి 900 డిగ్రీల వేడి కలిసొస్తే కథ తిరగబడుతుంది. రెండు అణువుల క్రోమియం ఆక్సైడ్, నాలుగు అణువుల సున్నం, మూడు అణువుల ఆక్సిజన్ కలిసి నాలుగు అణువుల కాల్షియం క్రోమేట్ అవుతాయి. సోడియం, పొటాషియం ఉన్నచోట వాటి క్రోమేట్లూ తయారవుతాయి, అవి ఇంకా సులువుగా కరుగుతాయి. క్రోమేట్‌కు పీహెచ్ దాదాపు లెక్కే లేదు, ఆమ్లంలోనైనా క్షారంలోనైనా నీళ్లలోకి దిగుతుంది.

ఎంత మారితే ప్రమాదం? ఉదాహరణకు కిలోకు 300 మి.గ్రా. క్రోమియం ఉన్న బూడిద తీసుకుందాం. అందులో నూటికి 5 పాళ్లు క్రోమేట్‌గా మారితే కిలోకు 15 మి.గ్రా. నీళ్లలోకి వస్తుంది. యూరోపియన్ యూనియన్ ల్యాండ్‌ఫిల్ ప్రమాణాల ప్రకారం పది రెట్ల నీటితో చేసే పరీక్షలో మొత్తం క్రోమియానికి పరిమితి ప్రమాదరహిత వ్యర్థాలకు కిలోకు 10 మి.గ్రా., జడ వ్యర్థాలకు 0.5 మి.గ్రా. నూటికి 95 పాళ్లు చలించకుండా ఉన్నా సరే, బూడిద పరీక్ష తప్పుతుంది.

వెయ్యి డిగ్రీలు దాటాక కాల్షియం క్రోమేట్ విడిపోవడం మొదలవుతుంది. ఇసుక తోడుంటే ఇంకా తేలిగ్గా. అందుకే ఉష్ణోగ్రతకు ఎదురుగా క్రోమియం లీచింగ్‌ను గీస్తే మధ్యలో మూపురం లేచిన గీత వస్తుంది: 500 దగ్గర తక్కువ, 700, 800 ప్రాంతంలో శిఖరం, 1,100 దగ్గర మళ్లీ దిగుడు. ఇక్కడ చాలామంది చూడనిది చల్లార్చే దశ. 1,100 దాకా తీసుకెళ్లిన బూడిదను తలుపు మూసిన కొలిమిలోనే గాలి ఆడుతుండగా రాత్రంతా నెమ్మదిగా చల్లారనిస్తే, అది 900 నుంచి 600 మధ్య గంటల తరబడి గడుపుతుంది, క్రోమేట్ మళ్లీ పుట్టే అవకాశం దొరుకుతుంది. వేగంగా చల్లార్చడం లేదా ఆ పరిధి దాటేదాకా నైట్రోజన్ పారించడం దీనికి విరుగుడు. అసలు వేడి చేసేటప్పుడే నైట్రోజన్ వాడినా, కాస్త బొగ్గు పొడి కలిపి ఆక్సిజన్‌ను తినేయించినా క్రోమేట్ తయారవదు. బొగ్గు చిక్కు ఒక్కటే, అది పూర్తిగా కాలిపోయాక ఇంకా వేడి మీద ఉన్న బూడిదకు గాలి తగిలితే రక్షణ పోయినట్టే.

మాలిబ్డినం, ఆర్సెనిక్ కూడా ఆక్సీకరణ దారిలో ఇలాగే ఇబ్బంది పెట్టగలవు. ప్రయోగశాలలు సీసం, కాడ్మియం మాత్రమే కొలిచి సరిపెట్టుకుంటే ఇదంతా కంటపడదు.

ఉప్పును కడగాలా, ఉంచాలా

ముందుగా నీళ్లతో కడిగితే క్లోరైడ్లు పోయి అంటుకునే బెడద తగ్గుతుంది. బరువుకు రెండు మూడు రెట్ల నీటితో రెండుసార్లు కడిగినా కరిగే క్లోరైడ్లలో అధిక భాగం వదిలిపోతుంది. సున్నం, అల్యూమినాతో కలిసి ఫ్రీడెల్ లవణంగా మారినది మాత్రం కొంత మిగులుతుంది. కడిగిన నీటి పీహెచ్ 12 దగ్గర ఉంటుంది కాబట్టి అందులో సీసం ఉండక తప్పదు, దానికి విడిగా శుద్ధి కావాలి.

కానీ కడగాలా వద్దా అన్నది లక్ష్యాన్ని బట్టి తేల్చుకోవాలి. లోహాలను ఆవిరిగా వెళ్లగొట్టడమే ఉద్దేశమైతే క్లోరిన్ మనకు పనిముట్టు, చాలకపోతే కాల్షియం క్లోరైడ్ కలుపుతారు కూడా. లోహాలను ఖనిజంలో బంధించడం ఉద్దేశమైతే క్లోరిన్ శత్రువు. కడిగేసి, ఆ తర్వాత సీసం ఎందుకు ఎగరలేదని వెతకడం, కడగకుండా గట్టి కంకర చేయబోయి రంధ్రాలు ఎందుకు వచ్చాయని ఆశ్చర్యపోవడం, రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. రాగి క్లోరైడ్‌గా కొంతమేర ఎగురుతుంది. క్రోమియం, నికెల్ విషయంలో ఆ ఆశ పెట్టుకోవద్దు.

మూస, పొర, గాలి

చిన్న కొలిమిలో ప్రయోగం చేసేటప్పుడు ఫలితాన్ని పాడుచేసేవి ఎక్కువగా చిన్నచిన్న విషయాలే. స్టెయిన్‌లెస్ స్టీలు పళ్లెంలో ఫ్లై యాష్‌ను వేడి చేయకూడదు. 304 రకం స్టీలులో నూటికి 18 పాళ్లు క్రోమియం. కరిగిన క్లోరైడ్లు, క్షారాలు 800 డిగ్రీల దగ్గర దాన్ని కొరికేస్తాయి. 50 గ్రాముల బూడిదలోకి 10 మి.గ్రా. స్టీలు చేరితే 1.8 మి.గ్రా. క్రోమియం చేరినట్టు, అంటే కిలోకు 36 మి.గ్రా. ఆ తర్వాత కొలిచేది బూడిదనా, పళ్లేన్నా? అల్యూమినా మూస వాడడం మేలు. ప్లాటినం వద్దు, సీసం దాన్ని దెబ్బతీస్తుంది.

బూడిద వేడిని సరిగా పారనివ్వదు. కొలిమి గోడ దగ్గరి థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) 900 చూపిస్తున్నా లోతైన మూస మధ్యలో అంత ఉండకపోవచ్చు. పొర 5 నుంచి 10 మి.మీ. మందం మించకుండా పరిచి, ఒక థర్మోకపుల్‌ను బూడిదలోనే ఉంచాలి. లోతు మారితే ఆక్సిజన్ చేరే తీరూ మారుతుంది. పైన సెంటీమీటరు మందాన పసుపు పచ్చగా, అడుగున బూడిద రంగులోనే ఉన్న మూసను కలిపి రుబ్బి ఒకే అంకె తీస్తే దాన్ని మళ్లీ రాబట్టడం కష్టం.

వేడికి ముందూ తర్వాతా తూకం తప్పనిసరి. 100 గ్రాములు పెడితే 72 గ్రాములే మిగిలాయనుకుందాం. పోయిన 28 గ్రాములు ఉప్పులు, నీరు, కార్బన్ డయాక్సైడ్. ఆవిరికాని క్రోమియం సాంద్రత దానంతటదే కిలోకు 300 నుంచి 417 మి.గ్రా.కు పెరుగుతుంది. అలాగే చికిత్స అయిన బూడిద నుంచి కిలోకు 2 మి.గ్రా. వచ్చిందంటే, మూల బూడిద లెక్కన అది 1.44 మి.గ్రా. మాత్రమే. కలిపిన ఇసుకకూ ఇదే న్యాయం. 70 పాళ్ల బూడిదకు 30 పాళ్ల ఇసుక కలిపితే ఏ రసాయన చర్యా జరక్కపోయినా లీచింగ్ 30 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ పలుచన లెక్కను తీసేశాక మిగిలేదే అసలు తగ్గుదల.

కరిగించి గాజు చేస్తే

1,300 నుంచి 1,500 డిగ్రీల దగ్గర బూడిదను పూర్తిగా కరిగించి నీళ్లలో గుమ్మరిస్తే గాజు లాంటి గుళికలు వస్తాయి. మిగిలిన లోహాలు సిలికేట్ అల్లికలో ఇరుక్కుంటాయి. లీచింగ్ పరంగా దీన్ని మించింది లేదు. ఫ్లై యాష్‌లో సున్నం మరీ ఎక్కువ కాబట్టి ఇసుకో గాజు పెంకులో కలిపి సున్నం, సిలికా నిష్పత్తిని 1 దగ్గరికి తేవాలి. లేకపోతే చల్లారేటప్పుడు గాజు నిలవక స్ఫటికాలు కడుతుంది. క్రోమియం కలిసిన ఇటుకలతో కట్టిన కొలిమి అయితే స్టీలు పళ్లెం గోలే పెద్ద ఎత్తున ఎదురవుతుంది.

జపాన్‌లో ఇలాంటి కొలిములు పెద్ద సంఖ్యలో కట్టారు. టన్నుకు వందల కిలోవాట్ గంటల శక్తి తినే పని ఇది, ఆ ఖర్చు భారమై తర్వాత చాలా చోట్ల ఆపేశారు. పైగా ఎగిరిన సీసం, జింకు, కాడ్మియం ఎక్కడికీ పోవు. పొగ చల్లబడే చోట రెండో విడత ఫ్లై యాష్‌గా, మొదటిదానికన్నా చిక్కగా దొరుకుతాయి. జింకు వాటా తగినంత ఉంటే దాన్ని లోహ శుద్ధికి పంపొచ్చు. లేదంటే బరువు తగ్గిన అదే సమస్య చేతిలో ఉంటుంది.

రిపోర్టులో అంకెలు చదివేటప్పుడు

అమెరికా వాడే లీచింగ్ పరీక్ష టీసీఎల్‌పీ 9.5 మి.మీ. లోపు ముక్కలను బరువుకు 20 రెట్ల ఎసిటిక్ ఆమ్ల ద్రావణంలో 18 గంటలు తిప్పుతుంది, సీసానికి పరిమితి లీటరుకు 5 మి.గ్రా. యూరప్ ఈఎన్ 12457-2 పరీక్షలో 4 మి.మీ. లోపు బూడిదను పది రెట్ల మామూలు శుద్ధ నీటితో 24 గంటలు తిప్పి, 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడగడతారు, అంకెను కిలోకు లెక్కగడతారు. జపాన్ 46వ నోటిఫికేషన్ పరీక్ష 2 మి.మీ. లోపు పొడితో 6 గంటలు సాగుతుంది. లీటరుకు వచ్చిన అంకెను నీటి నిష్పత్తితో గుణిస్తే కిలో లెక్క వస్తుంది. అంత చేసినా ఒక పరీక్ష ఫలితాన్ని మరోదానితో పోల్చలేం, ఎందుకంటే చివరి పీహెచ్‌లు వేరు.

టీసీఎల్‌పీలో వాడే గాఢమైన ద్రావణం లీటరుకు సుమారు 0.1 మోల్ ఎసిటిక్ ఆమ్లం. గ్రాము బూడిదకు 20 మి.లీ. అంటే 2 మిల్లీమోళ్ల ఆమ్లం. బూడిదలో నూటికి 10 పాళ్లు విడి సున్నం ఉంటే అదొక్కటే 3.6 మిల్లీమోళ్ల ఆమ్లాన్ని మింగేస్తుంది. సున్నం కాస్త ఎక్కువున్న బూడిద పరీక్ష చివర్లో అనుకోకుండా పీహెచ్ 10 దగ్గర ఆగితే సీసం ‘పాస్’. అదే బూడిదను ఇసుకతో బాగా వేడి చేసి విడి సున్నాన్ని ఖనిజంగా మార్చారనుకోండి, ఇప్పుడు ఆమ్లాన్ని అడ్డుకునేది తగ్గి పీహెచ్ 5, 6కు పడిపోతుంది, జింకు, కాడ్మియం పెరుగుతాయి. చికిత్స బాగా కుదిరాకే పరీక్ష తప్పే విడ్డూరం ఇలా వస్తుంది. చివరి పీహెచ్ రాయని టీసీఎల్‌పీ ఫలితాన్ని పక్కన పెట్టడమే మంచిది.

కొలతల్లోనూ ఉచ్చులున్నాయి. క్లోరైడ్ ఎక్కువున్న ఊట నీటిని ఐసీపీ-ఎంఎస్‌లో (లోహాలను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పరికరంలో) పెడితే క్లోరిన్, ఆక్సిజన్ జత క్రోమియం 53 దగ్గర, దానికి హైడ్రోజన్ తోడైతే క్రోమియం 52 దగ్గర, ఆర్గాన్, క్లోరిన్ జత ఆర్సెనిక్ 75 దగ్గర లేని లోహాన్ని చూపిస్తాయి. ఇలాంటి జతలను అడ్డుకునే హీలియం కొలిజన్ సెల్ లేని పరికరమైతే పలుచన చేసి మరో పద్ధతితో సరిచూడాలి. హెక్సావలెంట్ క్రోమియం కోసం తీసిన నీటిలో ఆమ్లం పోసి నిల్వ పెట్టకూడదు, ఆమ్లంలో అది తిరిగి ట్రైవలెంట్‌గా మారిపోతుంది. రంగు తెప్పించే డైఫినైల్ కార్బజైడ్‌తో 540 నానోమీటర్ల దగ్గర త్వరగా చదివేయాలి. లోహ అల్యూమినియం ముక్కలున్న బాటమ్ యాష్ క్షారంలో హైడ్రోజన్ వదులుతుంది, గట్టిగా మూతపెట్టిన సీసా ఉబ్బుతుంది. మూత తెరిచి వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను కిందికి లాగుతుంది. కాసేపటికోసారి గాలి వదిలి వెంటనే బిగించడం తప్ప దీనికి దారి లేదు.

వేడి చేసిన బూడిదను కంకరగానో ఇటుకగానో వాడదలిస్తే ఒకే పరీక్షతో నిర్ణయం తీసుకోలేం. పీహెచ్ 2 నుంచి 13 దాకా తొమ్మిది చోట్ల కొలిచే అమెరికా 1313 పద్ధతి, గట్టి దిమ్మెను నీళ్లలో ఉంచి 63 రోజులు చూసే 1315 పద్ధతి కలిపి చేయించాలి. మొదటిది గాలి తగిలి పీహెచ్ 12 నుంచి 8కి జారుతున్నప్పుడు సీసం ఎక్కడ తగ్గుతుందో, ఆంటిమొనీ ఎక్కడ పెరుగుతుందో చూపిస్తుంది. రెండోది దిమ్మె పగలనంత కాలం చెల్లే లెక్క. రోడ్డు కింద నలిగిపోయే చోట వాడే సరుకుకు అదే దిమ్మెను పొడి చేసి, క్రోమియంతో సహా మళ్లీ కొలవాలి.